డ్రాయింగు మారింది, నంబరు మారలేదు

సూరత్ నగరానికి దక్షిణంగా, పాండేసరా పారిశ్రామిక వాడకు చేరువలో వడోద్ అనే పేట ఉన్నది. పేరుకు పల్లె, నగరం దానిని ఎప్పుడో తనలో కలుపుకొన్నది. అక్కడి సందులలో పగలనక రేయనక మరమగ్గాల చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. ఆ చప్పుడుకు చెవి అలవాటుపడిన కొంతసేపటికి మాటలు వేరుగా తెలియడం మొదలవుతుంది: గంజాం ప్రాంతపు ఒరియా, భోజ్‌పురి, మరాఠీ, గుజరాతీ, వాటి నడుమ మన కరీంనగర్ తెలుగు. తెలంగాణ చేనేత కుటుంబాలు బ్రతుకుతెరువు వెదుక్కుంటూ షోలాపురం, భివండీ, సూరత్ దారి పట్టడం ఒక్క తరం నాటి కథ కాదు.

నాది అనువాదవృత్తి. కళాశాలలో చదివినది ఆంగ్ల సాహిత్యం. ఇరవై ఏళ్ళుగా అన్నం పెడుతున్నవి మాత్రం యంత్రాలతో పాటు వచ్చే సూచన పుస్తకాలు. మగ్గాల మోటార్లకు సంబంధించిన ఒక చిన్న పుస్తకాన్ని తెలుగు కార్మికుల కోసం తెనిగించే పని వచ్చినప్పుడు, నిఘంటువు మాటలు కాక మగ్గం దగ్గర నిజంగా పలికే మాటలు వినిరావాలని వడోద్ వెళ్ళాను. మరొక కారణం కూడా ఉన్నది. అది తరువాత చెబుతాను. సిరిసిల్ల ప్రాంతం నుండి వచ్చి అక్కడ స్థిరపడిన ఒక పెద్దాయన దుకాణంలో మూడు రోజులు కూర్చున్నాను. ముందు గదిలో ఆయన తమ్ముడి లేతు. వెనుక గదిలో ఈయన మోటార్లకు తీగ చుట్టే బల్ల.

మొదటి రోజే ఇరవై ఏళ్ళ కుర్రవాడొకడు విరిగిన పోత ఇనుప బ్రాకెట్టును గుడ్డలో మూటగట్టి తెచ్చాడు. మగ్గాన్ని నడపడానికీ ఆపడానికీ ఉండే పిడి దానికే బిగించి ఉంటుంది.

"గిసొంటిది ఇంకోటి కావాలె కాకా."

"ఏ సాంచాది బిడ్డా?"

"మా షెడ్డుల మూడో వరుసది."

"నీ వరుస నాకెట్ల ఎరుక? కుడి చెయ్యి సాంచానా, ఎడమ చెయ్యిదా? ఎన్ని ఇంచులది?"

కుర్రవాడు తెల్లబోయాడు. తరువాత కళ్ళు మూసుకొని, మగ్గం ముందు నిలబడినట్లు ఊహించుకొని, గాలిలోకి చేయి చాచి చూసుకొన్నాడు. "ఎడమ చెయ్యి," అన్నాడు చివరకు. "నలభై నాలుగు ఇంచులు."

సిరిసిల్లలోనూ, సిరిసిల్లవారు వెళ్ళిన ప్రతి చోటనూ మరమగ్గాన్ని సాంచా అంటారు. నేతగాడు ఒకేసారి రెండు మూడు మగ్గాలు చూసుకోవలసి ఉంటుంది కనుక, అతడు నిలబడే చోటికి పిడులు అందేటట్లు కొన్ని మగ్గాలను కుడి చేతివిగా, కొన్నింటిని ఎడమ చేతివిగా తయారుచేస్తారు. ఒకటి మరొకదానికి అద్దంలోని బింబం వంటిది. చూడటానికి బ్రాకెట్లు రెండూ ఒకటే. బిగించబోతే రంధ్రాలు అవతలి వైపున ఉంటాయి. ఆ ఒక్క ప్రశ్న అడగని దుకాణానికి కుర్రవాడు రెండుసార్లు తిరగాలి, మగ్గం రెండు రోజులు ఎక్కువగా ఆగాలి. మీటరు లెక్కన కూలి అందుకొనే ఇంట్లో రెండు రోజులంటే ఏమిటో పాఠకులకు వివరించనక్కరలేదు.

పెద్దాయన బల్ల సొరుగులో అట్ట ఊడిపోయిన ఒక లావుపాటి నోటు పుస్తకం ఉన్నది. తన చేతికి వచ్చిన ప్రతి మోటారు వివరమూ అందులో వ్రాసుకొన్నాడు: తయారీదారు పేరు, ఎన్ని హార్సుపవరు, నిమిషానికి ఎన్ని చుట్లు, ఫ్రేము నంబరు, గాడులెన్ని, ఒక్కొక్క చుట్టలో తీగ ఎన్ని వరుసలు, తీగ గేజి ఎంత, కలిపినది స్టారులోనా డెల్టాలోనా, ముందు వెనుక బేరింగుల నంబర్లు. కొన్ని పుటల అడుగున గోధుమరంగు చారలు ఉన్నాయి. 2006 ఆగస్టులో తాపీ వరద సూరత్‌ను ముంచెత్తినప్పుడు ఆయన నదికి అవతలి ఒడ్డున పని చేసేవాడట. మోటార్లను వదిలి పుస్తకాన్ని నెత్తిన పెట్టుకొని మేడ ఎక్కాడు. మోటార్లను మళ్ళీ చుట్టవచ్చు, లెక్క పోతే ఎట్లా చుట్టడం అని ఆయన ప్రశ్న.

నన్ను ఆకర్షించినది మరొకటి. ఎక్కడైనా లెక్క మారితే పాత అంకెను తుడిచివేయడు, నల్లగా గీకడు. దానిపై ఒకే ఒక సన్నని గీత గీసి, పక్కన కొత్త అంకె, తేదీ, తన పొడి అక్షరాలు వేస్తాడు. ఎందుకని అడిగాను.

"కొట్టేసింది గుడ కనబడాలె సారూ. పాత లెక్కతోటి చుట్టిన మోటార్లు ఇంకా బయట నడుస్తున్నయి గద. రేపు అవే మళ్ళ నా దగ్గరికే వస్తయి."

వేల మంది ఇంజనీర్లు గల కంపెనీలు కోట్ల రూపాయలు వెచ్చించి కంప్యూటర్లకు నేర్పుతున్న శాస్త్రమంతా ఆ రెండు వాక్యాలలో ఇమిడి ఉన్నదని నాకు అప్పుడే తోచింది. ఆ శాస్త్రానికి వస్తు సమాచార నిర్వహణ అనే బరువైన పేరు పెట్టుకోవచ్చు. కర్మాగారం నుండి యంత్రం ఒకటే బయటకు వస్తున్నట్లు మనకు కనిపిస్తుంది. నిజానికి దాని వెనుక ఒక కాగితాల యంత్రం కూడా ఉంటుంది: ప్రతి విడిభాగానికి ఒక డ్రాయింగు, ఆ డ్రాయింగుకు ఒక నంబరు, ఎన్నవసారి సవరించినదో తెలిపే అక్షరం, ఏ లోహం, ఎంత కొలత, ఆ కొలతలో ఎంత తేడాను సహించవచ్చు, ఎవరి వద్ద కొనాలి, ఏది ఏ భాగంలో ఎన్ని చొప్పున ఇమడాలి. ఈ కాగితాల యంత్రంలో ఒక మర వదులైతే ఇనుప యంత్రంలో అది ఎక్కడో ఒకచోట బయటపడుతుంది.

మన పల్లెలలో భూమి సర్వే నంబరును తలచుకొంటే ఇది సులభంగా బోధపడుతుంది. అన్నదమ్ములు పొలం పంచుకొంటారు, గట్టు వేసుకొంటారు, ఎవరి మడి వారు దున్నుకొంటారు. నంబరుకు చీలిక వేయించడం మాత్రం మరచిపోతారు. ఇరవై ఏళ్ళు ఏమీ కాదు. ఒకరు అమ్మబోయిన నాడు కోర్టు మొదలవుతుంది.

ఇక నా సంగతి. నాలుగేళ్ళ క్రితం ఒక మోటారు సూచన పుస్తకాన్ని తెనిగించాను. పేరు చెప్పడం అనవసరమైన ఒక సంస్థ పంపిన ఆంగ్ల ప్రతి అది. తీగల కలయికను గూర్చిన పుటలో డెల్టాలో కలపమని ఉన్నది. ఉన్నది ఉన్నట్లు శ్రద్ధగా, మంచి తెలుగులోనే వ్రాశాను. ఆ ప్రతి అడుగు మూలలో 'బి' అనే ఒక చిన్న అక్షరం అచ్చయి ఉన్నది. పుట అలంకారమో, ముద్రణాలయపు గుర్తో అనుకొన్నాను. అది సవరణ గుర్తు. అప్పటికి మోటారు 'డి' దాకా వచ్చింది. చుట్టే పద్ధతి మారింది. 415 వోల్టుల మీద దానిని స్టారులోనే కలపాలి. స్టారుకు చుట్టిన మోటారును డెల్టాలో కలిపితే ఒక్కొక్క చుట్ట మీద పడవలసిన 240 వోల్టులకు బదులు 415 పడతాయి. ఒక షెడ్డులో రెండు మోటార్లు వేడెక్కి మాడిపోయాయి. కాపాడవలసిన రిలేను ఎవరో అంతకుముందే తప్పించి ఉన్నారు. అది వేరే కథ. మోటార్లకు తిరిగి తీగ చుట్టించిన ఖర్చును యజమాని ఆ తీగలు కలిపిన కార్మికుడి కూలిలో పట్టుకొన్నాడని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. అతడు చేసిన నేరం పుస్తకంలో ఉన్నట్లు చేయడం. పుస్తకంలో ఉన్నవి నా మాటలు.

ఇంత చిన్న అక్షరానికి ఇంత బలమా అని అప్పటి నుండి ఈ విషయాన్ని గూర్చి చదవడం మొదలుపెట్టాను. నాకు దొరికిన ఉదాహరణలలో అన్నింటికంటె దారుణమైనది అమెరికాలోని జనరల్ మోటార్స్ వారిది. వారి షెవర్లే కోబాల్ట్, సాటర్న్ అయాన్ వంటి కార్లలో తాళంచెవి తిప్పే స్విచ్చి లోపల ఒక చిన్న బొడిపె, దాని వెనుక ఒక స్ప్రింగు ఉంటాయి. తాళంచెవిని ఇంజను నడిచే స్థానంలో పట్టి ఉంచేవి అవే. ఆ పట్టు చాలినంత బలంగా లేదు. బరువైన తాళపుగుత్తి వేలాడినా, మోకాలు తగిలినా, రోడ్డు కుదిపినా చెవి వెనక్కు జారేది. బండి పరుగులో ఉండగానే ఇంజను ఆగిపోయేది. దానితో పాటు ప్రమాద సమయంలో ఉబ్బి కాపాడవలసిన గాలి సంచులు కూడా పని మానేవి.

2006లో ఆ స్విచ్చి బాధ్యత గల ఇంజనీరు పొడవైన బొడిపెకు, గట్టి స్ప్రింగుకు అనుమతి సంతకం చేశాడు. లోపం తెలిసి సరిచేయడం మంచి పనే కదా అనిపిస్తుంది. కాని విడిభాగం నంబరు మార్చలేదు. తరువాతి బండ్లలోకి కొత్త స్విచ్చి పాత నంబరుతోనే వెళ్ళింది. కొన్నేళ్ళకు కంపెనీ లోపలి పరిశోధకులే, పాత బండ్లలో వస్తున్న ప్రమాదాలు కొత్త బండ్లలో ఎందుకు రావడం లేదో తెలియక తలలు పట్టుకొన్నారు. రికార్డులు చూస్తే స్విచ్చి ఒకటే, నంబరు ఒకటే. కనుక కారణం స్విచ్చి కాదు. ఆ తర్కంలో తప్పేమీ లేదు, రికార్డే తప్పు. చివరకు, ప్రమాదంలో కూతురిని పోగొట్టుకొన్న తల్లిదండ్రుల దావాలో వారి తరఫు నిపుణుడొకడు బండిలోని పాత స్విచ్చిని, కొత్తగా కొన్న స్విచ్చిని విప్పి పక్కపక్కన పెట్టి చూశాడు. తేడా కంటికే కనిపించింది. 2014 ఫిబ్రవరిలో కంపెనీ బండ్లను వెనక్కు పిలవడం మొదలుపెట్టింది. ఆ సంఖ్య సుమారు 26 లక్షలకు చేరింది. నష్టపరిహార నిధివారు 124 మరణాలను ఈ లోపానికి సంబంధించినవిగా అంగీకరించారు. 2015లో ప్రభుత్వంతో కుదిరిన ఒప్పందం ప్రకారం కంపెనీ 90 కోట్ల డాలర్లు చెల్లించింది.

నంబరు ఎప్పుడు మార్చాలి, సవరణ అక్షరం మాత్రం ఎప్పుడు మార్చాలి అన్నదానికి ఇంజనీర్లలో పాతబడిన సూత్రమొకటి ఉన్నది. కొత్త వస్తువు ఆకారంలో, అమరికలో, చేసే పనిలో పాతదాని స్థానంలో నిస్సంకోచంగా నిలవగలిగితే అక్షరం మారిస్తే చాలును. మూడింటిలో ఏ ఒక్కదానిలో తేడా వచ్చినా అది వేరే వస్తువు. దానికి వేరే నంబరు ఇవ్వాలి. సూత్రం చెప్పడం తేలిక. కొత్త నంబరు అంటే కొత్త డ్రాయింగు, కొత్త పరీక్షలు, గోదాములో కొత్త అర, కొనుగోలు శాఖతో కొత్త తగవు. ఆ శ్రమకు జంకి చేసిన ఒక్క సంతకం ఎంత దూరం పోగలదో ఆ స్విచ్చి చెబుతుంది.

నంబర్లలో కూడా జాతులున్నాయి. పెద్దాయన పుస్తకంలో 6204, 6205 అని బేరింగుల నంబర్లు తరచుగా కనిపిస్తాయి. చివరి రెండంకెలను అయిదుతో హెచ్చవేస్తే లోపలి రంధ్రపు కొలత మిల్లీమీటర్లలో వస్తుంది: 04కు 20, 05కు 25. ముందున్న 62 ఆ శ్రేణి పేరు. వడోద్‌లో అడిగినా జర్మనీలో అడిగినా 6205 అంటే 25 మిల్లీమీటర్ల రంధ్రం, 52 మిల్లీమీటర్ల బయటి వ్యాసం, 15 మిల్లీమీటర్ల మందం. భాష తెలియనివారికి ఇంతకంటె మేలు చేసిన నంబరు మరొకటి లేదు. మోటారు ఫ్రేము కూడా ఇటువంటిదే. 80 ఫ్రేము అంటే పాదం నుండి ఇరుసు నడిమికి 80 మిల్లీమీటర్ల ఎత్తు. ఎవరు తయారుచేసినా ఆ ఎత్తు మారదు కనుక ఒక కంపెనీ మోటారు తీసి మరొక కంపెనీది అదే దిమ్మె మీద కూర్చోబెట్టవచ్చు.

అట్లా అని అర్థం చెప్పే నంబర్లే గొప్పవని తీర్మానించవద్దు. అదే బేరింగులలో 00 అంటే 10, 01 అంటే 12, 02 అంటే 15, 03 అంటే 17 మిల్లీమీటర్లు. అయిదు ఎక్కం అక్కడ పని చేయదు. ప్రపంచమంతా ఒప్పుకొన్న బేరింగుకే ఇన్ని మినహాయింపులు ఉంటే, ఒక కంపెనీలో ఎవరో ముచ్చటపడి మొదటి రెండంకెలు రంగు, తరువాతి రెండు పొడవు అని కట్టుకొన్న పద్ధతి ఎన్నాళ్ళు నిలుస్తుంది? నూరవ రంగు వచ్చిన నాడు అంకెలు చాలవు. అందుకే చాలా కంపెనీలు ఇప్పుడు నంబరును వట్టి వరుస సంఖ్యగానే ఉంచి, వివరాలన్నీ దాని పక్కన వేరుగా వ్రాస్తున్నాయి. నా మట్టుకు నాకు అదే మేలనిపిస్తుంది. మనిషి పేరులోనే జాతకమంతా ఇమిడ్చితే ఆ పేరు పెట్టి పిలిచేదెవరు?

ఈ బెడద కొత్తది కాదు. 1785లో పారిస్ నగరంలో తుపాకుల పనివాడైన ఒనొరే బ్లాంక్, తుపాకీ గుర్రానికి సంబంధించిన విడిభాగాలను గుట్టలుగా పోసి, చేతికి దొరికిన వాటితోనే కూర్చి చూపించగా, అక్కడ అమెరికా రాయబారిగా ఉన్న థామస్ జెఫర్సన్ ఆశ్చర్యపడి తన దేశానికి లేఖ వ్రాశాడు. ఏ ముక్క అయినా ఏ తుపాకీకైనా సరిపోవడం అన్నది అంతవరకు ఊహకు అందని విషయం. 1904 ఫిబ్రవరిలో బాల్టిమోర్ నగరం తగలబడినప్పుడు వాషింగ్టన్ మొదలైన ఊళ్ళ నుండి అగ్నిమాపక దళాలు పరుగున వచ్చాయి. వాటి గొట్టాల మరలు బాల్టిమోర్ నీటి కుళాయిల మరలకు ఎక్కలేదు. పదిహేను వందలకు పైగా భవనాలు బూడిద అయ్యాయి. బ్రిటన్‌లో విట్వర్త్ 1841లో చెప్పిన మర కోణం 55 డిగ్రీలు. అమెరికాలో సెల్లర్స్ 1864లో చెప్పినది 60. రెండు ప్రపంచ యుద్ధాలలో ఒకే పక్షాన పోరాడిన దేశాల బోల్టులు ఒకదానికొకటి ఎక్కేవి కావు. 1948లో గాని అమెరికా, బ్రిటన్, కెనడా ఒక్క మరకు ఒప్పుకోలేదు.

యాంత్రిక భాగం ఒకరిది, విద్యుత్ భాగం ఒకరిది అయినచోట చిక్కు రెట్టింపవుతుంది. ఇద్దరి కాగితాలూ రెండు వేర్వేరు భాషలు. యాంత్రిక డ్రాయింగులో ప్రతి గీతకూ కొలత ఉంటుంది. వస్తువు ఎట్లా ఉన్నదో బొమ్మ అట్లాగే ఉంటుంది. విద్యుత్ పటంలో గీతకు పొడవు లేదు. కాగితం మీద రెండంగుళాలున్న తీగ కర్మాగారంలో ఇరవై అడుగులు ఉండవచ్చు. ఒకే రిలే యొక్క చుట్ట మూడవ పుటలో, దాని కలయికలు పదకొండవ పుటలో, ముప్పయ్యవ పుటలో కనిపిస్తాయి. అవన్నీ ఒకే పెట్టెలోనివని చెప్పేది పక్కన వేసిన చిన్న గుర్తు మాత్రమే. సాహిత్య విద్యార్థిగా నాకు మొదటిది వచనంలాగాను, రెండవది అన్వయించుకొంటే గాని అర్థంకాని పద్యంలాగాను కనిపిస్తాయి.

యూరపు ఖండంలోని ఎయిర్‌బస్ కంపెనీ తన ఏ-380 అనే మహా విమానాన్ని నిర్మించినప్పుడు ఈ రెండు భాషల నడుమ పడిన పాట్లు ప్రసిద్ధమే. ఒక్కొక్క విమానంలో సుమారు 530 కిలోమీటర్ల తీగలు. జర్మనీలోని హాంబర్గ్‌లో అమర్చిన తీగల కట్టలు ఫ్రాన్సులోని టూలూజ్‌కు వచ్చేసరికి పొట్టివయ్యాయి. జర్మనీ, స్పెయిన్ ఇంజనీర్లు వాడినది డ్రాయింగులు గీసే ఒక కంప్యూటరు పద్ధతి యొక్క పాత రూపం. ఫ్రాన్సు, బ్రిటన్ వారు వాడినది దాని కొత్త రూపం. విమానపు చట్రంలో ఒకచోట మార్పు జరిగితే తీగ వంపు తిరిగే దారి అవతలివారి పటంలో తానుగా మారలేదు. తీగలను చేతులతో విప్పి మళ్ళీ అమర్చవలసి వచ్చింది. 2006లో ఆలస్యం మీద ఆలస్యం ప్రకటించి, మొదటి విమానాన్ని 2007 అక్టోబరులో గాని సింగపూర్ ఎయిర్‌లైన్స్‌కు అప్పగించలేకపోయారు. కంపెనీకి కలిగిన నష్టం వందల కోట్ల యూరోలు. పొట్టిదైన తీగ విలువ ఎంతో నాకు తెలియదు. మగ్గం దగ్గరైతే టీ ఖర్చంత.

మన దేశం ఈ విషయంలో ఒక విచిత్రమైన పరీక్షకు నిలిచింది. స్వాతంత్ర్యం తరువాత నెలకొల్పిన భారీ విద్యుత్ పరికరాల కర్మాగారాలలో భోపాల్‌లోనిది బ్రిటిషువారి సహకారంతో, హైదరాబాదు దగ్గరి రామచంద్రాపురంలోనిది చెకోస్లొవేకియా సహకారంతో, హరిద్వార్‌లోనిది సోవియట్ సహకారంతో వచ్చాయి. మూడు దేశాల యంత్రాలతో పాటు మూడు దేశాల ప్రమాణాలు, ఉక్కు రకాలకు మూడు రకాల పేర్లు కూడా వచ్చాయి. చివరకు ఇవన్నీ బి.హెచ్.ఇ.ఎల్. అనే ఒకే గొడుగు కిందికి చేరాయి. ఆ కాలపు డ్రాయింగు శాఖలలో పనిచేసిన వారిని పొగిడే గ్రంథాలు నేను చూడలేదు; ఉండవలసింది. 1947లో ఏర్పడి, 1987 నుండి భారతీయ ప్రమాణాల బ్యూరోగా పిలువబడుతున్న సంస్థ కూడా ఈ బాబెలుకు ఒక వ్యాకరణం ఇవ్వడానికే పాటుపడింది.

వడోద్ కుర్రవాడి కుడి ఎడమల తికమక ఈ అంతర్జాతీయ డ్రాయింగులలో కూడా ఉన్నది. యూరపులోను, మన దేశంలోను వస్తువును ఒక పద్ధతిలో చిత్రిస్తారు: ఎడమ నుండి చూసిన రూపాన్ని కుడి పక్కన వేస్తారు. అమెరికావారు ఎడమ నుండి చూసినదానిని ఎడమ పక్కనే వేస్తారు. ఏ పద్ధతో చెప్పడానికి కాగితం మూలన కొన కోసిన శంకువు బొమ్మ ఒకటి గీస్తారు, పావలా కాసంత. దానిని చూడనివాడు ఎడమ చేతి బ్రాకెట్టు బదులు కుడి చేతి బ్రాకెట్టును ఎంతో నైపుణ్యంతో తయారుచేస్తాడు. మళ్ళీ కాగితం మూలే.

కంప్యూటర్లు రాకపూర్వం ఈ మూలలను కాచినది ఒక గుమాస్తా. పారదర్శక కాగితం మీది అసలు డ్రాయింగు ఆయన బీరువాలో ఉండేది. దాని నుండి తీసిన నీలి ప్రతులు, తరువాతి కాలంలో అమోనియా వాసన గొట్టే ప్రతులు, ఏ శాఖకు ఎన్ని వెళ్ళాయో ఆయన రిజిస్టరులో ఉండేది. సవరణ జరిగిన నాడు కొత్త ప్రతి ఇవ్వడం కంటె పాత ప్రతిని వెనక్కు రాబట్టడమే ఆయనకు పెద్ద పని. మేస్త్రీ తన పెట్టెలో మడతపెట్టి దాచుకొన్న పాత ప్రతి, అదే అన్నింటికంటె ప్రమాదకరమైన కాగితం. ఆ గుమాస్తా జీతం చిన్నది, కోపం పెద్దది అని విన్నాను. కోపానికి కారణం ఉన్నది.

ఇప్పుడు ఆ బీరువా కంప్యూటరులోకి మారింది. ఒక ఇంజనీరు డ్రాయింగును సవరించడానికి తీసుకొంటే మిగిలినవారికి అది చూడటానికే గాని మార్చడానికి అందదు. అనుమతి సంతకాలు పడితే గాని కొత్త రూపం బయటకు రాదు. పాత రూపం నశించదు. కాగితం మీది పటాలను, డ్రాయింగులను ఈ కొత్త రూపంలోకి మార్చే పనిలో మన హైదరాబాదుకు వాటా ఉన్నది. 1991లో బి.వి.ఆర్. మోహన్ రెడ్డి స్థాపించిన ఇన్ఫోటెక్ ఎంటర్‌ప్రైజెస్ అటువంటి పనులతో ఎదిగి విదేశీ విమాన ఇంజన్ల కంపెనీలకు ఇంజనీరింగు సేవలు అందించే స్థాయికి వచ్చింది. 2014 నుండి దాని పేరు సైయెంట్.

అయితే ఈ ఏర్పాట్లన్నీ పెద్ద గుమ్మాల లోపలివి. చిన్న కర్మాగారాలలో డ్రాయింగు ఇప్పుడు సెల్‌ఫోనులో ఫోటోగా తిరుగుతున్నది. లేతు దగ్గర తమ్ముడికి ఒకే విడిభాగానికి మూడు ఫోటోలు వచ్చాయి; మూడింటి మీద మూడు కొలతలు, ఏ ఒక్కదాని మీద తేదీ లేదు. చివరగా వచ్చినదే సరైనదని ఎట్లా నమ్మడం? ఎవరో పాతదానిని వెదికి మళ్ళీ పంపి ఉండవచ్చు. అతడు ఫోను చేసి అడిగి, చెప్పిన కొలతను సుద్దతో గోడమీద వ్రాసుకొని పని మొదలుపెట్టాడు. మేస్త్రీ పెట్టెలోని పాత ప్రతికి ఇప్పుడు రెక్కలు వచ్చాయి, అంతే తేడా.

మూడవ రోజు కుర్రవాడు బ్రాకెట్టు కోసం వచ్చాడు. పెద్దాయన పాత ముక్కనూ కొత్తదానినీ వీపుకు వీపు ఆనించి రంధ్రాలు వెలుతురుకు పట్టి చూశాడు. సరిపోయాయి. కుర్రవాడు వెళ్ళాక, నేను తెనిగించిన పుస్తకపు చిత్తుప్రతిని ఆయన చేతికిచ్చి, మాటలు బాగున్నాయేమో చూడమన్నాను. ఆయన మాటలు చూడలేదు. మొదటి పుట తిప్పి, వెనుక పుట తిప్పి, మూలలు చూశాడు.

"ఇది ఏ మోటారుదో ముందు అది రాయి సారూ. మిగతాది తర్వాత చదువుత."

ఆ సాయంత్రమే కంపెనీకి ఉత్తరం వ్రాశాను: మీరు పంపిన ప్రతి మీద 'సి' అని ఉన్నది, ఇప్పుడు అమ్ముతున్న మోటారు పలక మీద ఏమున్నది? మొదటి జవాబులో, తేడా ఏమీ ఉండదు, అచ్చుకు పంపండి అన్నారు. మళ్ళీ వ్రాశాను. పదకొండు రోజులకు మోటారు పలక ఫోటో వచ్చింది. దాని మీద 'ఇ' అని ఉన్నది. దానితో పాటు వచ్చిన కొత్త ప్రతిలో మారినవి రెండే పుటలు: వెనుక బేరింగు నంబరు, తీగల కలయిక. ఆ రెండింటినీ మళ్ళీ తెనిగించి, ప్రతి పుట అడుగునా 'ఇ' అని వేయించాను; అలంకారం అనుకొని ముద్రాపకుడు ఒకసారి తీసివేస్తే మళ్ళీ పెట్టించాను.